నడుమ ఆగిపోవు చిన్న ఇంజను
పంచాయతీ సభ్యుల కొక పాఠము

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల నల్లరేగడి నేలలలో శనగ పైరు పూతకు వచ్చిన దినములలో మందు చల్లుటకు ఒక్కొక్క ఉదయ మెంత విలువైనదో రైతునకు వేరుగా చెప్ప నక్కరలేదు. ఎండ ముదిరి గాలి లేవకముందే పని ముగియవలెను. నేడు తప్పిన పని రేపటికి వాయిదా పడును గాని, పచ్చపురుగు వాయిదా నెరుగదు. పులివెందుల ప్రాంతపు చీనీ తోటలలో, అరటి తోటలలో వాన వెలిసిన పిమ్మట గరిక, తుంగ పాదులను క్రమ్ముకొనును. వాటిని సకాలమున తీయనిచో చెట్టునకు చేరవలసిన నీరును, ఎరువును కలుపు పాలగును. ఈ పనులకును, ఊరి బాటల ప్రక్కన వయ్యారిభామను, పిచ్చిగడ్డిని కోయుటకును నేడు భుజమున మోయదగిన చిన్న పెట్రోలు ఇంజనులు గ్రామములలో వాడుకలో నున్నవి. కలుపు కోయు యంత్రము, మందు చల్లు పవర్ స్ప్రేయరు, కంపచెట్లను నరుకు రంపపు యంత్రము ఈ జాతికి చెందినవే.

ఈ ఇంజనులు నడచినంత కాలము పదిమంది పని నొక్కరే చేయుచున్నట్లుండును. చేను నడుమ ఒక్కసారి ఆగినచో మాత్రము పని తలక్రిందులగును. పనివాడు భుజము నొప్పి పుట్టువరకు తాడు లాగును. ప్రక్కనున్నవారు తలకొక మాట చెప్పుదురు. ఒకరు కార్బురేటరు మీది మర నొక వైపునకు త్రిప్పగా, మరియొకరు రెండవ వైపునకు త్రిప్పుదురు. చివరకు “వీడు సరిగా పట్టుకొనలేదు, వీడే చెడగొట్టినాడు” అని ఆనాటి కూలివాని మీదికి నింద వచ్చును. యంత్రము గది మూలకు చేరును. మరుసటి సంవత్సరము క్రొత్త యంత్రమునకు పంచాయతీ తీర్మానము వ్రాయబడును.

ఇట్లు మూలబడిన యంత్రములలో నిజముగా చెడినవి కొన్నియే. చెత్త పట్టిన ఒక జల్లెడయో, మూసుకొనిపోయిన ఒక సన్నని రంధ్రమో, నిలువ ఉండి పాడైన పెట్రోలో తరచు కారణమగుచుండును. ఈ పాఠమున మేము చెప్పదలచినది ఒక్కటే: ఇంజను ఆగిన తీరే ఆగిన కారణమును తెలుపును. ఆ తీరును గమనించి, సులభమైన పరీక్షలను ముందు, కష్టమైన వాటిని వెనుక, వరుసగా చేయవలెను. కార్బురేటరు మర త్రిప్పుట చిట్టచివరి పని గాని మొదటి పని కాదు.

మొదట తెలియవలసిన సంగతి

పంచాయతీ చేతనున్న యంత్రము రెండు స్ట్రోకులదా, నాలుగు స్ట్రోకులదా అని ముందుగా నిర్ణయించుకొనవలెను. పైకి రెండును ఒకే రీతిగా కనబడును. రెండు స్ట్రోకుల ఇంజనుకు నూనెను పెట్రోలులోనే కలిపి పోయవలెను. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు నూనె పోయుటకు వేరుగా మూత ఉండును, పెట్రోలు తొట్టిలో వట్టి పెట్రోలే పోయవలెను. హోండా వారి జీఎక్స్ 35 వంటి చిన్న ఇంజనులు నాలుగు స్ట్రోకులవి. ఈ భేదము తెలియక ఒకదాని ఇంధనము మరియొకదానిలో పోసినచో, మొదటిదానికి ప్రాణాపాయము, రెండవదానికి పొగ, మసి సంభవించును. దోమలకు పొగ వేయు యంత్రములలో కొన్ని పిస్టను లేకయే వేరొక విధమున పని చేయును; వాటికి ఈ పాఠము వర్తింపదు.

ఇంజను పని చేయు విధము

మన ప్రాంతమున చాల కాలము తిరిగిన బజాజ్ చేతక్ స్కూటరు, లూనా మోపెడు రెండు స్ట్రోకుల ఇంజనుతో నడచినవే. పెట్రోలు బంకులో “టూ టీ ఆయిలు” కలిపించుకొనిన పెద్దలు నేటికిని ప్రతి గ్రామమున కలరు. ఆ స్కూటరులో నున్న సూత్రమే ఈ చిన్న యంత్రములోను ఉన్నది.

పిస్టను సిలిండరులో పైకి పోవుట ఒక స్ట్రోకు, క్రిందికి వచ్చుట మరియొక స్ట్రోకు. పైకి పోవునపుడు తనపైనున్న పెట్రోలు, గాలి మిశ్రమమును నొక్కును. అదే సమయమున క్రిందనున్న క్రాంకు గదిలోనికి క్రొత్త మిశ్రమము పీల్చబడును. పైభాగమున స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చినంతనే మిశ్రమము మండి పిస్టనును క్రిందికి నెట్టును. పిస్టను క్రిందికి దిగుచు, మొదట పొగ పోవు ద్వారమును తెరచును. పిమ్మట క్రాంకు గదిలోని క్రొత్త మిశ్రమము పైకెక్కు ద్వారమును తెరచును. ఈ విధముగా ప్రతి చుట్టునకును ఒక మంట కలుగును. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒక మంట మాత్రమే. కావుననే రెండు స్ట్రోకుల ఇంజను తక్కువ బరువుతో ఎక్కువ బలము నీయగలదు. క్రాంకు గదినే పంపుగా వాడుకొను ఈ ఏర్పాటు ఇంగ్లండులోని బాత్ పట్టణమునకు చెందిన జోసెఫ్ డే పేర 1889 ప్రాంతమున వెలువడినది. నాటికిని నేటికిని మూలసూత్రము మారలేదు.

ఇందుండి రెండు సంగతులు గ్రహింపవలెను. ఒకటి: ఈ ఇంజనుకు వేరుగా నూనె తొట్టి లేదు. క్రాంకు గదిలోనికి పోవు మిశ్రమమే బేరింగులను, పిస్టనును తడుపవలెను. పెట్రోలులో నూనె లేనిచో ఇనుము ఇనుమును ఒరసికొనును. రెండు: గాలి రాక, పొగ పోక, క్రాంకు గది బిగువు ఈ మూడును ఇంజను నడకకు ఆధారములు. ఎక్కడ ఒక దారి మూసికొనిపోయినను, ఎక్కడ ఒక పగులు విడినను, ఇంజను ఆగును.

నూనె లెక్క

నూనె పాలు యంత్రముతో వచ్చిన పుస్తకములో వ్రాయబడియుండును. ఆ మాటయే ప్రమాణము. సాధారణముగా కనబడు పాళ్లు ఇవి:

50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు నూనె అన్నచో, లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు.
40 పాళ్లకు 1 పాలు అన్నచో, లీటరుకు 25 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 125 మిల్లీలీటర్లు.
25 పాళ్లకు 1 పాలు అన్నచో, లీటరుకు 40 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 200 మిల్లీలీటర్లు.

వాడవలసినది గాలితో చల్లబడు రెండు స్ట్రోకుల ఇంజనులకై తయారైన నూనె. మోటారు సైకిలు ఇంజనులో పోయు నూనె గాని, ట్రాక్టరు నుండి తీసిన పాత నూనె గాని పనికిరాదు. “చారెడు పోసినాము” అను లెక్క లెక్క కాదు. గీతలున్న కొలపాత్ర తప్పక ఉండవలెను. శుభ్రమైన డబ్బాలో సగము పెట్రోలు పోసి, నూనె కలిపి బాగుగా కుదిపి, మిగిలిన పెట్రోలు పోసి మరల కుదుపవలెను. యంత్రపు తొట్టిలోనే నేరుగా కలుపరాదు. ఏలయన, నూనె అడుగున చేరి గొట్టములోనికి చిక్కగా పోవును.

నూనె ఎక్కువైనచో ప్లగ్గు తడియును, సైలెన్సరులో మసి పేరుకొనును, ఇంజను మందగించును. నూనె తక్కువైనచో పిస్టను సిలిండరునకు పట్టివేయును. మొదటిదానికి శుభ్రము చేయుట చాలును. రెండవదానికి సిలిండరు, పిస్టను మార్చవలసివచ్చును. ఆ ఖర్చు చూచి పెక్కుమంది యంత్రమునే వదలివేయుదురు.

ఆగిన తీరును గమనించుట

ఇంజను ఆగినంతనే తాడు లాగక, ఒక్క నిమిషము నిలిచి, నడపినవాని నడుగవలెను. “ఎట్లు ఆగినది? ఆగుటకు ముందు ధ్వని పెరిగినదా, తగ్గినదా? ఎంతసేపు నడచినది? వంచినప్పుడు ఆగినదా?” ఇవి అతనిని దోషిగా నిలుపుటకు అడుగు ప్రశ్నలు కావు. వైద్యుడు రోగి నడుగు ప్రశ్నల వంటివి. యంత్రమును చేతపట్టినవాడే దానిని గురించి ఎక్కువ ఎరిగినవాడు. మందలింపునకు జడిసి అతడు నిజము దాచినచో, యంత్రము బాగుపడు దారి మూసికొనిపోవును.

దీపము ఆర్పినట్లు తటాలున ఆగినచో, విద్యుత్తు వైపు చూడవలెను. స్విచ్చి తీగ పైతొడుగు అరిగి ఇనుమునకు తగులుచుండవచ్చును. ప్లగ్గు టోపీ వదులై యుండవచ్చును.

కొన్ని నిమిషములు నడచి, క్రమముగా నీరసించి ఆగి, కొంతసేపు విడిచిన పిమ్మట మరల నడచి, మరల ఆగినచో, తొట్టి మూతలోని గాలి రంధ్రమును అనుమానింపవలెను. పెట్రోలు తగ్గిన కొలది ఆ చోటికి గాలి రావలెను. రంధ్రము దుమ్ముతో మూసికొనిన యెడల తొట్టిలో శూన్యము ఏర్పడి పెట్రోలు దిగదు.

ఊరక తిరుగునప్పుడు బాగుగా నుండి, వేగము పెంచినంతనే ఆగినచో, పెట్రోలు చాలినంత అందుట లేదు, లేదా పొగ వెలుపలికి పోవుట లేదు. తొట్టిలోని ఫిల్టరు, కార్బురేటరులోని చిన్న జల్లెడ, సైలెన్సరు ఈ మూడును చూడవలెను.

వేగముగా నడచుచు, వేగము తగ్గించినంతనే ఆగినచో, ఊరక తిరుగు వేగమును నిర్ణయించు మరయో, కార్బురేటరులోని చిన్న జెట్టో కారణము కావచ్చును.

చల్లగా నున్నప్పుడు నడచి, వేడెక్కిన పిమ్మట ఆగి, చల్లబడిన తరువాతనే మరల నడచినచో, కాయిలు వేడికి పని మానుచుండవచ్చును; గొట్టములో పెట్రోలు ఆవిరియై దారి నడ్డగించుచుండవచ్చును; సిలిండరు రెక్కల నడుమ గడ్డి, దుమ్ము నిండి వేడి పోకయుండవచ్చును.

నల్లని పొగతో బరువుగా కొట్టుకొని ఆగినచో, చోకు మూసియుండుట, గాలి ఫిల్టరు మూసికొనిపోవుట, నూనె అధికమగుట ముఖ్య కారణములు.

యంత్రమును ప్రక్కకు వంచినప్పుడే ఆగినచో, తొట్టిలోపలి మెత్తని గొట్టము పగిలియుండును, లేదా దాని కొనయందలి బరువు ఫిల్టరు ఊడియుండును.

ఇవి అన్నియు ఒక యెత్తు. ఒక్క లక్షణము మరియొక యెత్తు. ఎవరును వేగము పెంచకుండగనే ఇంజను ధ్వని సన్నగా, కీచుగా హెచ్చి ఆగినచో, అది ప్రమాద సూచన. మిశ్రమములో పెట్రోలు తగ్గి గాలి హెచ్చినదనియు, దానితోపాటు నూనెయు తగ్గినదనియు అర్థము. అట్టి ఇంజనును ఆ పూట మరల నడపరాదు. కారణము కనుగొనకుండ మరియొక పది నిమిషములు నడపిన యెడల పిస్టను పట్టివేయును.

పరీక్షించు వరుస

మొదట యంత్రమును నీడకు చేర్చి చల్లారనీయవలెను. మందు చల్లు యంత్రమైనచో పైన పడిన మందును తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పిమ్మట ఈ వరుసను అనుసరింపవలెను.

ఒకటి, స్విచ్చి, చోకు సరియైన స్థానమున ఉన్నవా? ఇది చూడక గంటలు గడపినవారు కలరు.

రెండు, తొట్టిలో పెట్రోలు ఉన్నదా? ఉన్నది ఎన్ని దినముల నాటిది? నూనె కలిపినదేనా? కొంచెము గాజుసీసాలోనికి తీసి వెలుతురున చూడవలెను. అడుగున వేరు పొర గాని, నీటి బిందువులు గాని, నలకలు గాని కనబడినచో దానిని పూర్తిగా తీసివేయవలెను.

మూడు, తొట్టి మూతను మెల్లమెల్లగా వదులు చేయవలెను. గాలి లోనికి “ఉస్” అని పోయి, ఇంజను మరల నడచినచో మూత రంధ్రమే దోషి. ఇంజను బాగా వేడిగా నున్నప్పుడు ఆవిరి వెలుపలికి చిమ్మవచ్చును గనుక తొందరపడి మూత విప్పరాదు.

నాలుగు, గాలి ఫిల్టరు తీసి చూడవలెను. స్పాంజి రకమును సబ్బునీటితో కడిగి, ఆరనిచ్చి, పుస్తకములో చెప్పిన పక్షమున కొలదిగా నూనె పట్టించి తొడుగవలెను. కాగితపు రకమును కడుగరాదు. దులిపిననూ వెలుతురు కనబడనిచో మార్చవలెను. ఫిల్టరు తీసివేసి యంత్రము నడపుట మహాదోషము. నల్లరేగడి దుమ్ము సిలిండరులోనికి పోయినచో ఆకురాయి వలె అరుగదీయును.

ఐదు, తొట్టిలోని పెట్రోలు ఫిల్టరును వంచిన తీగతో మెల్లగా వెలుపలికి లాగి చూడవలెను. దానికి తగిలించిన గొట్టము గట్టిపడి పగుళ్లు తేలినదా యని పరీక్షింపవలెను. బుడ్డి నొక్కి పెట్రోలు ఎక్కించు ఏర్పాటున్నచో, నొక్కినప్పుడు అది పెట్రోలుతో నిండుచున్నదా చూడవలెను. గాలిబుడగలే వచ్చుచున్న యెడల ఎక్కడనో గొట్టము పగిలినది.

ఆరు, ప్లగ్గు తీసి దాని కొనను చూడవలెను. బిస్కత్తు రంగున పొడిగా నున్నచో మంట సరిగా నున్నది. నల్లగా తడిసియున్నచో పెట్రోలో నూనెయో అధికము. తెల్లగా కాలియున్నచో పెట్రోలు తక్కువై వేడి హెచ్చినది. కొనల నడుమ ఎడము సాధారణముగా 0.6 నుండి 0.7 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. పుస్తకములో వేరుగా చెప్పినచో అదియే గ్రాహ్యము. నిప్పురవ్వను చూడదలచినచో, ఒలికిన పెట్రోలును తుడిచి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా ప్లగ్గు ఇనుమును సిలిండరు లోహమునకు ఆనించి తాడు లాగవలెను. వేడికి ఆగు ఇంజనులో ఈ పరీక్షను ఆగిన వెంటనే చేయవలెను. వేడిలో రవ్వ లేక, చల్లబడిన పిమ్మట రవ్వ వచ్చినచో కాయిలు మార్చవలసినదే.

ఏడు, సైలెన్సరు విప్పి చూడవలెను. లోపల మసి గట్టిపడి, పొగ పోవు రంధ్రమునో, నిప్పురవ్వల నాపు తీగజల్లెడనో మూయుచుండును. జల్లెడను శుభ్రము చేయవచ్చును. సిలిండరు ద్వారమునందలి మసిని తీయునపుడు పిస్టను ఆ ద్వారమునకు అడ్డుగా వచ్చునట్లు త్రిప్పి, కఱ్ఱపుల్లతో గోకవలెను. ఇనుప మొనతో గోకరాదు. అదే ద్వారము గుండ పిస్టను ప్రక్కలను చూడవలెను. నునుపుగా నున్నచో మంచిది. నిలువు గీతలు లోతుగా పడియున్నచో నూనె లేక ఒరసికొనినదని అర్థము. ఆ యంత్రమును మెకానిక్కుకు అప్పగింపవలెను.

ఎనిమిది, తాడును మెల్లగా లాగినప్పుడు ఒక చోట బిగువుగా అడ్డము తగులవలెను. ఆ బిగువు లేక వదులుగా తిరుగుచున్నచో రింగులు అరిగినవి లేదా ఎక్కడనో గాలి పోవుచున్నది. ఇదియు మెకానిక్కు పనియే.

కార్బురేటరు సంగతి

పై ఎనిమిది పరీక్షలు ముగిసిన పిమ్మటనే కార్బురేటరును తాకవలెను. కలుపు కోయు యంత్రము ఎటు వంచినను నడువవలెను గనుక, దాని కార్బురేటరులో తేలు బుడ్డికి మారుగా పలుచని పొరలు ఉండును. క్రాంకు గదిలో కలుగు ఒత్తిడి హెచ్చుతగ్గులకు ఒక పొర అదరుచు పెట్రోలును తోడును; మరియొకటి అవసరమైనంత పెట్రోలునే లోనికి విడుచును. కాలము గడచిన కొలది ఈ పొరలు గట్టిపడి అదరుట మానును. అప్పుడు ఎన్ని మరలు త్రిప్పినను ప్రయోజనము లేదు. పొరలు, గాస్కెట్లు కలిసిన పొట్లము కొని మార్చుటయే మార్గము. కొన్ని పవర్ స్ప్రేయరులలో మాత్రము తేలు బుడ్డి గల గిన్నె ఉండును. ఆ గిన్నె అడుగున చేరిన నీటిని, మడ్డిని తీసివేసిన చాలును.

మర త్రిప్పక తప్పనిచో, ముందు దాని స్థానమును గుర్తింపవలెను. మెల్లగా లోనికి బిగించుచు, ఎన్ని చుట్లకు ఆగినదో లెక్కించి కాగితము మీద వ్రాసికొనవలెను. గట్టిగా బిగించిన యెడల మొన చెడును. పని కుదరనిచో పూర్వ స్థానమునకు తెచ్చుటకు ఆ కాగితమే ఆధారము. ఒక మారు ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు.

నిలువ పెట్రోలు, ఎథనాలు

ఇటీవలి సంవత్సరములలో ఈ చిన్న ఇంజనులకు ఒక క్రొత్త చిక్కు వచ్చినది. చెరకు, మొక్కజొన్న, నూకల వంటి వాని నుండి తీసిన ఎథనాలును పెట్రోలులో కలుపుట మన దేశమున క్రమముగా హెచ్చినది. 20 శాతము ఎథనాలు కలిసిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులలో అమ్మకమునకు వచ్చినది. 2030 నాటికని మొదట పెట్టుకొనిన ఈ లక్ష్యము ముందుకు జరుపబడి, 2025లోనే దేశము 20 శాతమునకు చేరినది. దిగుమతి చమురు తగ్గుట దేశమునకు మేలే. కాని చిన్న ఇంజను వాడువారు కొన్ని జాగ్రత్తలు నేర్వవలెను.

ఎథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు అధికమైనచో ఎథనాలు, నీరు కలిసి అడుగున వేరు పొరగా చేరును. నూనె పైనున్న పెట్రోలులోనే నిలిచిపోవును. యంత్రములోని ఫిల్టరు తొట్టి అడుగుననే ఉండును గనుక, నూనె లేని ఆ పొరను ముందుగా పీల్చును. నడపినవాడు నూనె సరిగా కలిపిననూ ఇంజను ఎండి పట్టివేయుటకు ఇది ఒక కారణము. అంతియే గాక, ఎథనాలు పాత రబ్బరు గొట్టములను, పొరలను ఉబ్బించి చెడగొట్టును. ఎథనాలులో ప్రాణవాయువు కూడ నున్నందున మిశ్రమము కొంత పలుచబడి ఇంజను హెచ్చు వేడెక్కును.

కావున, ఎంత ఎథనాలు వరకు తన ఇంజను తట్టుకొనునని తయారుదారు చెప్పుచున్నాడో యంత్రము కొనునప్పుడే అడిగి తెలిసికొనవలెను. కలిపిన పెట్రోలును నెలకు మించి నిలువ ఉంచరాదు. రెండు వారముల పనికి సరిపడునంతే కలుపుట మేలు. డబ్బా మూత ఎల్లప్పుడు బిగించియుండవలెను.

శనగకు మందు చల్లు కాలము ముగిసినంతనే స్ప్రేయరును అట్లే అటకమీద పెట్టుట మన అలవాటు. మరల అవసరము వచ్చుసరికి నెలలు గడచును. పెట్రోలు జిగురై జెట్టును మూయును. పని ముగిసిన నాడే తొట్టి ఖాళీ చేసి, ఇంజనును నడపి, కార్బురేటరులోని పెట్రోలు తీరి దానియంతట అది ఆగునట్లు చేయవలెను. పిమ్మట ప్లగ్గు తీసి నాలుగు చుక్కల నూనె వేసి, తాడు రెండు మూడు మార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించి, దుమ్ము పడని చోట ఉంచవలెను. పావుగంట పని ఇది. మరుసటి పంట నాడు అరదినము మిగుల్చును.

ఎండకాలపు జాగ్రత్తలు

కడప జిల్లా ఎండల సంగతి ఎల్లరకు తెలిసినదే. అట్టి దినములలో చిన్న ఇంజనుకు విశ్రాంతి అవసరము. ఒక తొట్టి పెట్రోలు ముగిసిన ప్రతిసారి ఇంజనును నీడలో చల్లారనిచ్చి, రెక్కల నడుమ గడ్డిని తీసి, పిమ్మటనే పెట్రోలు పోయవలెను. కాలుచున్న సైలెన్సరు మీద పెట్రోలు ఒలికిన యెడల మంటలు లేచును. పెట్రోలు పోయు చోట బీడీ, చుట్ట ఉండరాదు. పోసిన చోటనే తాడు లాగక, నాలుగడుగులు దూరము జరుగవలెను. వేడి సైలెన్సరును ఎండుగడ్డి మీద దింపరాదు.

గొట్టమును నోటితో పీల్చి పెట్రోలు తీయుట, మూసికొనిన జెట్టును నోటితో ఊదుట మన పల్లెలలో కనబడు అలవాట్లు. మందు చల్లు యంత్రమునకు ఇట్లు చేయుట విషమును నోట పెట్టుకొనుటయే. కలుపు కోయు యంత్రపు కత్తి దగ్గర చేయి పెట్టుటకు ముందు ఇంజను నాపి, ప్లగ్గు టోపీ ఊడదీయవలెను. ఊరక తిరుగు వేగములో కత్తి తిరుగుచున్నచో అది ప్రమాదకరము. వేగము మర తగ్గించునంతవరకు ఆ యంత్రముతో పని చేయరాదు.

పంచాయతీ చేయదగినది

ఇంతవరకు చెప్పినది యంత్రము నడపువానికి. ఇక సభ్యుల కర్తవ్యము వేరు. ఒక ఉదాహరణము తీసికొందము. పంచాయతీ కలుపు యంత్రమును ఒక వారము ఒకరు, మరుసటి వారము మరియొకరు వాడుచున్నారు. గదిలో రెండు డబ్బాలున్నవి. ఒకదానిలో నూనె కలిపిన పెట్రోలు, రెండవదానిలో మోటారు సైకిలుకై ఉంచిన వట్టి పెట్రోలు. రెండింటి మీదను వ్రాత లేదు. కూలికి వచ్చినవాడు చేతికందిన డబ్బా తీసి పోసికొని పోయినాడు. గంటలో ఇంజను కీచుమని పట్టివేసినది. తప్పెవరిది? ఆ దినపు కూలి నాపుట సులభము. కాని డబ్బా మీద నాలుగక్షరములు వ్రాయించనివారు అతనిని శిక్షించుట న్యాయము కాదు. మరుసటి యంత్రమునకును అదే గతి పట్టును.

కావున మా మనవి ఇది. యంత్రమునకు బాధ్యునిగా ఒక్కరిని నియమింపుడు. కలిపిన పెట్రోలుకు ప్రత్యేకముగా ఒక డబ్బా ఉంచి, “నూనె కలిపినది” అని పెద్ద అక్షరములతో రంగున వ్రాయించి, కలిపిన తేదీ కాగితము అంటింపుడు. యంత్రపు పుస్తకములోని నూనె పాలును గది గోడ మీద వ్రాయింపుడు. ఒక చిన్న నోటుపుస్తకములో తేదీ, వాడినవారి పేరు, నడచిన గంటలు, పోసిన పెట్రోలు, ఆగినచో ఆగిన తీరు, చేసిన పని వ్రాయునట్లు చూడుడు. మూడు నెలల పుటలు చూచిన మెకానిక్కు, గంటసేపు వెదకవలసిన లోపమును వెంటనే పోల్చుకొనగలడు.

ఒక ప్లగ్గు, ఒక గాలి ఫిల్టరు, ఒక పెట్రోలు ఫిల్టరు, కొంత గొట్టము, ఒక తాడు ఎల్లప్పుడు నిలువ ఉంచుకొనుడు. క్రొత్త యంత్రము కొనుటకు తీర్మానించునప్పుడు ధర ఒక్కటియే చూడక, దాని విడిభాగములు ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో దొరకునా, తెలుగున పుస్తకము ఇత్తురా, కొన్ననాడే నడపి చూపుదురా అని అడుగుడు. విడిభాగము దొరకని చౌక యంత్రము చివరకు ఖరీదైనదే యగును.

పాత యంత్రములు మూలబడియున్న పంచాయతీలు వాటిని వేలమునకు పెట్టుటకు ముందు ఒక పూట కేటాయించి, నడపినవారిని పిలిచి, పై వరుస ప్రకారము పరీక్షింపవచ్చును. ముందు పాత పెట్రోలు పారబోసి క్రొత్తది పోయుడు. మూత రంధ్రము, ఫిల్టరులు, ప్లగ్గు, సైలెన్సరు చూడుడు. కొన్ని అక్కడనే మ్రోగును. మ్రోగనివాటికి జబ్బేమిటో తెలియును. తెలిసిన జబ్బుతో మెకానిక్కు వద్దకు పోయినవానికి ఒక ఖర్చు. తెలియక పోయినవానికి వేరొక ఖర్చు.

గ్రామపు సొమ్ముతో కొన్న యంత్రము చేను నడుమ ఆగిననాడు నష్టపోవునది పంచాయతీ ఒక్కటియే కాదు. మందు పడని పైరు గల రైతు, కూలి పోయిన పనివాడు, కలుపు పాలైన తోట అన్నియు ఆ లెక్కలోనివే. ఈ వరుసను గోడమీద వ్రాయించి, వాడువారికి ఒక్కసారి చేసి చూపించుటకు సభ్యులు పూనుకొందురు గాక.